కౌంటర్ దగ్గరి మాట

తెలుగువాళ్లకు కంప్యూటర్ అనగానే హైదరాబాదు గుర్తొస్తుంది. సాఫ్ట్‌వేర్ వరకూ అది సరే. బల్ల మీద పెట్టుకునే యంత్రం సంగతికొస్తే పుదుచ్చేరి పేరు కూడా చెప్పుకోవాలి. హెచ్‌సీఎల్ చాలా ఏళ్లపాటు తన కంప్యూటర్లను ఇక్కడ తయారుచేసింది. ఏసర్ యంత్రాలూ ఇక్కడ తయారయ్యాయి. ఐబీఎం ఇక్కడ నడిపిన పీసీ ఫ్యాక్టరీ, 2005లో ఆ కంపెనీ పీసీ వ్యాపారమంతా లెనోవో చేతికి వెళ్లినప్పుడు దాంతోపాటే వెళ్లింది. అదే లెనోవో 2024 సెప్టెంబరులో, పుదుచ్చేరి ఫ్యాక్టరీలో ఏడాదికి 50,000 ఏఐ సర్వర్లు తయారుచేస్తామని ప్రకటించింది.

ఫ్యాక్టరీల గురించి పత్రికల్లో వార్తలు వస్తూనే ఉంటాయి. ఫ్యాక్టరీ గేటు దాటిన డబ్బా కొన్నవాళ్ల ఇంటికి చేరేలోపు దాన్ని చేతులు మార్చే మనుషుల గురించి మాత్రం చదవడానికి పెద్దగా ఏమీ దొరకదు. పట్టణానికి దక్షిణంగా కడలూరు రోడ్డు మీద, అరియాంకుప్పం రాకముందు తగిలే మురుంగపాక్కంలో ఉంటూ ఈ వ్యాపారాన్ని దగ్గర్నుంచి చూస్తున్నాను కాబట్టి ఆ మధ్య దారి గురించే రాస్తున్నాను. కంప్యూటర్ బ్రాండ్ల మార్కెటింగ్‌లోనో షోరూముల్లోనో ఉద్యోగానికి వచ్చే కుర్రాళ్లకు, అమ్మాయిలకు ఇది పనికొస్తుంది. పిల్లలకు ల్యాప్‌టాప్ కొనబోయే తల్లిదండ్రులకు ఇంకా ఎక్కువ పనికొస్తుంది.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఈ వ్యాపారంలో టార్గెట్లు, స్కీములు, స్టిక్కర్లు, ఈఎంఐలు ఎన్ని ఉన్నా, చివరికి అన్నీ ఒక మనిషి మాట మీద ఆధారపడతాయి. కౌంటర్ దగ్గర నిలబడి “మీ పనికి ఇది సరిపోతుందండీ” అని చెప్పే మనిషి అతను. ఆ మనిషికి విషయం నేర్పాలి, నిజం చెప్పే వీలూ కల్పించాలి. ఈ రెండూ చేయని కంపెనీ ప్రకటనలకు ఎంత ఖర్చు పెట్టినా నమ్మకం మిగలదు.

పన్నులు గీసిన దారి

ఇంత చిన్న ప్రాంతానికి కంప్యూటర్ ఫ్యాక్టరీలు ఎందుకొచ్చాయి? ప్రధాన కారణం పన్ను. కొత్త పరిశ్రమలకు పుదుచ్చేరి అమ్మకపు పన్నులో రాయితీలిచ్చింది. పైగా చెన్నై రేవు దగ్గర. విదేశాల నుంచి దిగిన విడిభాగాలను ఇక్కడికి తెచ్చి బిగించి దేశమంతా పంపడం సులువు.

ఆ రోజుల్లో ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి సరుకు అమ్మితే కేంద్ర అమ్మకపు పన్ను పడేది. మొదట 4 శాతం, 2007లో 3, 2008లో 2 శాతం అయింది. ఈ పన్నుకు కొన్నవాళ్లకు క్రెడిట్ రాదు, అంటే తాము కట్టాల్సిన పన్నులో దాన్ని సర్దుకోలేరు. అందుకని కంపెనీలు, డిస్ట్రిబ్యూటర్లు ప్రతి రాష్ట్రంలో సొంత గోడౌను పెట్టుకుని, సరుకును అమ్మకంగా కాకుండా తమ గోడౌనుకే బదిలీ చేసినట్టు చూపించేవారు. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్‌కైనా, చెన్నై రిచీ స్ట్రీట్‌కైనా సరుకు ఆయా రాష్ట్రాల గోడౌన్ల నుంచే వచ్చేది. గోడౌను ఎక్కడ పెట్టాలన్నది సరుకు అవసరం కన్నా పన్ను లెక్కే ఎక్కువగా నిర్ణయించేది.

2017 జులై 1న జీఎస్టీ వచ్చాక ఈ లెక్క మారిపోయింది. సరుకు ఎక్కడ తయారైందన్నది పోయి, ఎక్కడికి చేరుతుందన్నది ముఖ్యమైంది. రాష్ట్రం దాటినా క్రెడిట్ వెంట వస్తుంది. గోడౌన్లు తగ్గి పెద్దవయ్యాయి. పుదుచ్చేరికున్న పాత పన్ను ఆకర్షణ చాలావరకు పోయింది.

జీఎస్టీ ఇక్కడి దుకాణానికి ఒక ప్రత్యేకమైన పరిస్థితి తెచ్చింది. అది తెలుగువాళ్లకు సంబంధించినది కూడా. పుదుచ్చేరి జీఎస్టీ కోడ్ 34. గోదావరి తీరాన తెలుగు మాట్లాడే యానాం కూడా ఈ కేంద్రపాలిత ప్రాంతంలోదే కాబట్టి ఇదే కోడ్ కిందికి వస్తుంది. మురుంగపాక్కం దుకాణం నుంచి 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న యానాంలోని ఆఫీసుకు కంప్యూటర్లు పంపితే బిల్లు మీద సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడతాయి. ఇదే రోడ్డు మీద గంటలోపు చేరే కడలూరుకు పంపితే అది తమిళనాడు, కోడ్ 33. బిల్లు మీద ఐజీఎస్టీ పడుతుంది. మొత్తం 18 శాతమే అయినా బిల్లు తప్పు రాస్తే కొన్న సంస్థకు క్రెడిట్ ఆగిపోతుంది. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు గురించీ చూసుకోవాలి. బిల్లింగ్ కౌంటర్‌లో చేరినవాళ్లు ముందుగా ఈ కోడ్‌లు నేర్చుకోవాలి.

కొనేవాళ్లకు ఇందులో ఉన్న లాభం కూడా చెబుతాను. 59,000 రూపాయల ల్యాప్‌టాప్‌లో అసలు ధర 50,000, పన్ను 9,000. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి తన వ్యాపారం కోసం కొంటే, తన నంబరుతో బిల్లు తీసుకుని, ఆ 9,000ను కట్టాల్సిన పన్నులో సర్దుకోవచ్చు. చిన్న వ్యాపారులు చాలామంది ఈ మాట అడగకుండానే మామూలు బిల్లుతో వెళ్లిపోతుంటారు. కౌంటర్‌లో ఉన్నవాళ్లే గుర్తుచేయాలి.

డబ్బా చేతులు మారే తీరు

బ్రాండ్ నేరుగా దుకాణానికి అమ్మడం తక్కువ. మధ్యలో జాతీయ డిస్ట్రిబ్యూటర్ ఉంటారు. చెన్నై కేంద్రంగా ఉన్న రెడింగ్టన్, ముంబైకి చెందిన రాశి పెరిఫెరల్స్, ఇంగ్రామ్ మైక్రో లాంటివి ఈ రంగంలో పెద్ద పేర్లు. వాళ్లు బ్రాండ్ దగ్గర సరుకు కొని, దుకాణాలకు అప్పు మీద ఇచ్చి, గడువులోగా వసూలు చేసుకుంటారు. దుకాణం నడిచేది ఆ అప్పు గడువు మీదే.

ఇక్కడ రెండు మాటల మధ్య తేడా తెలియాలి. బ్రాండ్ నుంచి సరుకు డిస్ట్రిబ్యూటర్‌కో డీలర్‌కో చేరితే అది సెల్-ఇన్. డీలర్ దగ్గర్నుంచి కొనుగోలుదారు చేతికి వెళితే సెల్-అవుట్. కంపెనీ లెక్కల్లో అమ్మకం చాలావరకు మొదటి దశలోనే నమోదవుతుంది. దుకాణానికి డబ్బు వచ్చేది మాత్రం రెండో దశలో. ఈ రెండింటి మధ్య సరుకు పేరుకుపోతే ఆ బరువంతా డీలర్ మీద పడుతుంది.

త్రైమాసికం చివర ఈ ఒత్తిడి బాగా కనిపిస్తుంది. ఒక్కో కంపెనీకి ఏడాది ఒక్కోలా ముగుస్తుంది. లెనోవోకు మన ఆర్థిక సంవత్సరంలాగే మార్చిలో. హెచ్‌పీకి అక్టోబరు చివర. డెల్‌కు జనవరి చివరికి కాస్త అటూ ఇటూ. ఏసర్, ఆసుస్‌లకు డిసెంబరులో. బ్రాండ్ తరఫున డీలర్లను చూసుకునే ఛానల్ మేనేజర్ నుంచి “ఇంకో పాతిక పీసులు తీసుకోండి, స్కీమ్ ఇప్పిస్తాను” అని ఫోన్ ఎప్పుడు వస్తుందో ఈ క్యాలెండర్ చూసి చెప్పొచ్చు. కొనేవాళ్లకూ ఇది పనికొచ్చే సంగతే. ఒక బ్రాండ్ త్రైమాసికం ముగిసే వారాల్లో అడిగితే ధరలో కాస్త వెసులుబాటు దొరికే అవకాశం ఎక్కువ.

స్కీమ్ డబ్బు వెంటనే చేతికి రాదు. అమ్మిన ప్రతి యంత్రం సీరియల్ నంబరు, బిల్లు, తేదీ పంపించి క్లెయిమ్ పెట్టాలి. వాళ్లు సరిచూసుకుని కొన్ని వారాలకో నెలలకో క్రెడిట్ నోట్ ఇస్తారు. ఒక్క అంకె తప్పినా ఆ పీసు మీద డబ్బు పోయినట్టే. డీలర్ మార్జిన్ ఎలాగూ పల్చన. చాలా దుకాణాల్లో ఏడాది లాభం ఈ క్రెడిట్ నోట్లలోనే ఉంటుంది. ఈ పని మంచి షర్టు వేసుకుని మాట్లాడటమేనని అనుకుని వచ్చేవాళ్లు ముందు ఎక్సెల్ షీటు సరిగ్గా నింపడం నేర్చుకోవాలి. ఇందులో నమ్మకస్తుడిగా పేరు తెచ్చుకున్నవాణ్ణి ఏ డీలరూ వదులుకోడు.

ఇంకోటి ధర రక్షణ. కొత్త మోడల్ వచ్చి పాతదాని ధర తగ్గితే, దుకాణంలో మిగిలిన సరుకు మీద నష్టం ఎవరు భరించాలి? మంచి ఒప్పందంలో, ఇన్ని రోజుల లోపు కొన్న సరుకుకు తేడా మొత్తం బ్రాండే ఇస్తుంది. ఆ గడువు దాటిన సరుకు దుకాణానికి గుదిబండ. అలాంటప్పుడే పాత మోడల్ మీద సేల్స్ కుర్రాడికి పెద్ద ఇన్సెంటివ్ ప్రకటిస్తారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరకు వస్తాను.

స్టిక్కర్ వెనుక డబ్బు

మూత మీద కంపెనీ పేరు, కీబోర్డు పక్కన చిప్ స్టిక్కర్. రెండో స్టిక్కర్‌కు ఒక చరిత్ర ఉంది. 1991లో ఇంటెల్ ‘ఇంటెల్ ఇన్‌సైడ్’ ప్రచారం మొదలుపెట్టింది. చిప్‌ను మామూలు మనిషి విడిగా కొనడు, చూడనైనా చూడడు. అయినా దాని పేరు అడిగి మరీ కొనేలా చేయాలన్నది ఆలోచన. కంప్యూటర్ తయారుచేసే కంపెనీ తన ప్రకటనలో ఇంటెల్ గుర్తు వేస్తే ఆ ప్రకటన ఖర్చులో కొంత ఇంటెల్ తిరిగిచ్చేది. పది మంది తయారీదారుల ప్రకటనల్లోనూ ఒకే గుర్తు కనిపించడంతో, లోపలి భాగానికి బయటి పేరు కన్నా గట్టి గుర్తింపు వచ్చింది.

ఈ పద్ధతి నేటికీ మార్కెటింగ్ డబ్బుకు దారి చూపిస్తోంది. దుకాణం ముందున్న బోర్డు, లోపలి డెమో కౌంటర్, పండగ ఆఫర్ కరపత్రం, కాలేజీ ప్రాంగణంలో వేసిన టెంటు, వీటిలో చాలావాటి ఖర్చు ఒక్కరే పెట్టరు. చిప్ కంపెనీ కొంత, బ్రాండ్ కొంత, డిస్ట్రిబ్యూటర్ కొంత వేసుకుంటారు. మార్కెటింగ్ ఉద్యోగి పనిలో ఎక్కువ భాగం ఆ డబ్బును సరిగ్గా ఖర్చుపెట్టి, ఫొటోలు, బిల్లులతో లెక్క అప్పజెప్పడమే. ఒక దుకాణంలో ఒకే బ్రాండ్ కళ్లెదురుగా వరసకట్టి ఉందంటే ఆ చోటు కోసం సాధారణంగా ఎవరో డబ్బు కట్టి ఉంటారు. అందులో తప్పేమీ లేదు. కళ్లెదురుగా ఉన్నదే మనకు మంచిదని మాత్రం అనుకోకూడదు.

పేర్లు దాచే తేడాలు

కౌంటర్ దగ్గర నిజమైన పని ఇక్కడ మొదలవుతుంది. యానాం నుంచి వచ్చిన ఒక తండ్రిని ఊహించుకోండి. కూతురికి, పుదుచ్చేరిలో కాలేజీ సీట్లు కేటాయించే సెంటాక్ కౌన్సెలింగ్‌లో పుదుచ్చేరి టెక్నలాజికల్ యూనివర్సిటీలో సీటు వచ్చింది. “ఐ5 ఉంటే చాలంటున్నారు, ఏదోటి చూపించండి బాబూ” అంటారాయన. “పాప ఏ బ్రాంచి అండీ?” అని అడిగిన కుర్రాడికి పని తెలుసు. అడక్కుండా పెట్టె దించినవాడికి తెలియదు.

ఎందుకంటే ఐ5 అన్న పేరు ఒక్కటే ఏమీ చెప్పదు. ఒకే తరానికి చెందిన రెండు చిప్‌లు తీసుకుందాం. ఐ5-1235యూ, ఐ5-12450హెచ్. మొదటిదానికి పది కోర్లు, రెండోదానికి ఎనిమిదే. అంకె చూసి మొదటిదే గొప్పదనుకుంటాం. కానీ మొదటిదాని పది కోర్లలో గట్టి పని చేసేవి రెండు, తేలిక పనుల కోసం ఉన్నవి ఎనిమిది. రెండోదానిలో గట్టివి నాలుగు, తేలికవి నాలుగు. మొదటిదాని మూల విద్యుత్ పరిమితి 15 వాట్లు, రెండోదానిది 45. పెద్ద డిజైన్ సాఫ్ట్‌వేర్, ఎక్కువసేపు సాగే కంపైలింగ్, వీడియో ఎడిటింగ్ లాంటి పనులకు సాధారణంగా హెచ్ చిప్ ముందుంటుంది. నోట్సు, క్లాసులు, చిన్న ప్రోగ్రాములకు, హాస్టల్లో ప్లగ్గు దొరకని చోట బ్యాటరీ నిలవడానికి యూ చిప్ నయం. ఛార్జర్ చిన్నది, సంచి బరువూ తక్కువ. ఏది మంచిదన్న ప్రశ్నకు జవాబు చిప్ పేరులో ఉండదు, ఆ అమ్మాయి నాలుగేళ్లు చేయబోయే పనిలో ఉంటుంది.

ఏఎండీ వైపు ఇంకో చిక్కు. రైజెన్ 7000 ల్యాప్‌టాప్ చిప్‌లలో మొదటి అంకె విడుదల సంవత్సరాన్ని చెబుతుంది. లోపలి కోర్ ఏ తరానిదో మూడో అంకె చెబుతుంది. రైజెన్ 5 7520యూలో ఉన్నది జెన్ 2. రైజెన్ 5 7530యూలో జెన్ 3. రైజెన్ 5 7540యూలో జెన్ 4. పెట్టెల మీద మూడూ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి, కానీ మొదటిదాని డిజైన్ మూడోదానికి రెండు తరాల వెనుకటిది. 7520యూ తక్కువ ధరకు దొరికితే ఇంటి పనులకు కొనొచ్చు, అది చెడ్డది కాదు. 7540యూ ధరకు దగ్గరలో ఉంటే మాత్రం కొనకూడదు. ఆ ఒక్క అంకె చూపించి ఇంత మాట చెప్పగలిగిన సేల్స్ మనిషి ఆ రోజు ఒక కుటుంబం డబ్బు కాపాడినట్టే.

గ్రాఫిక్స్ కార్డుల్లోనూ ఇంతే. లోపల ఆర్‌టీఎక్స్ 4050 ఉందంటే సరిపోదు. లాప్‌టాప్ రకంలో అదే చిప్‌ను 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎక్కడైనా నడిపించుకోమని ఎన్విడియా తయారీదారులకు వదిలేసింది. సన్నటి యంత్రంలో తక్కువ వాట్లతో నడిచేదానికీ, మందపాటి యంత్రంలో పూర్తి వాట్లతో నడిచేదానికీ పనితనంలో చాలా తేడా. ఆ వాట్ల సంఖ్య షోరూము కార్డు మీద చాలాసార్లు ఉండదు. కంపెనీ స్పెసిఫికేషన్ పేజీలో వెతకాలి, లేదా తెలిసినవాళ్లను అడగాలి.

కొన్న మర్నాడు ఫోన్ చేసి చాలామంది అడిగే ప్రశ్న ఇంకొకటుంది. “512 జీబీ అన్నారు, ఇందులో 476 అనే చూపిస్తోంది. మిగతాది ఏమైంది?” ఏదీ పోలేదు. డిస్కు తయారీదారులు ఒక జీబీని వంద కోట్ల బైట్లుగా లెక్కిస్తారు. ఆ లెక్కన 512 జీబీ అంటే 51,200 కోట్ల బైట్లు. విండోస్ మాత్రం ఒక జీబీని 1,07,37,41,824 బైట్లుగా లెక్కించి, అదే జీబీ అన్న పేరుతో చూపిస్తుంది. దీనితో దాన్ని భాగిస్తే 476.8 వస్తుంది. ఈ మాట అమ్మేముందే చెబితే వివరణ. మర్నాడు చెబితే సాకులా వినిపిస్తుంది. ఈ వృత్తిలో నమ్మకం చాలావరకు ఇలాంటి చోట్లే దక్కుతుంది, ఇలాంటి చోట్లే పోతుంది.

వడ్డీ లేని వాయిదా

ఎక్కువమందిని కొనేలా ఒప్పించేది నో కాస్ట్ ఈఎంఐ. దీన్ని ఓపిగ్గా విప్పి చూడాలి. సున్నా శాతం వడ్డీ అనేదే ఉండదని, అలాంటి పథకాలు అసలు ఖర్చును కప్పిపుచ్చుతాయని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. మరి ఇప్పుడు నడుస్తున్నదేమిటి? బ్యాంకు వడ్డీ వసూలు చేస్తూనే ఉంటుంది. ఆ వడ్డీకి సమానమైన మొత్తాన్ని ముందే ధరలో తగ్గిస్తారు. ఆ తగ్గింపు భారం బ్రాండో, అమ్మేవాళ్లో మోస్తారు.

ఉదాహరణకు 60,000 రూపాయల లాప్‌టాప్, ఆరు నెలల వాయిదాలు, ఏడాదికి 15 శాతం వడ్డీ అనుకుందాం. సుమారు 2,500 తగ్గించి 57,500ను అప్పుగా రాస్తారు. నెలకు దాదాపు 10,000 చొప్పున ఆరు నెలల్లో 60,000 కడతారు. ఇక్కడిదాకా మాట నిజమే. కానీ ఆ 2,500 వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే 450 రూపాయలు, విడిగా పడుతుంది. చాలా బ్యాంకులు ప్రాసెసింగ్ ఫీజు కూడా తీసుకుంటాయి. పైగా ఒకేసారి డబ్బు కట్టేవాళ్లకు ఆ 2,500 తగ్గింపు ఇస్తారేమో అడిగి చూడాలి. ఇస్తే, వాయిదాల అసలు ఖరీదు ఎంతో అప్పుడు తెలుస్తుంది. జీతం మీద బతికే ఇంటికి వాయిదా మంచి సదుపాయమే, నేను కాదనను. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాకే సంతకం పెట్టించాలంటాను.

బ్రాండ్ చొక్కా వేసుకున్నవాళ్లు

షోరూములో ఒక బ్రాండ్ టీషర్టుతో కనిపించే అబ్బాయి చాలాసార్లు ఆ దుకాణం ఉద్యోగి కాడు, ఆ బ్రాండ్ ఉద్యోగీ కాడు. మనుషుల్ని సరఫరా చేసే మూడో సంస్థ అతనికి జీతమిస్తుంది. అతణ్ణి ప్రమోటర్ అంటారు. దుకాణం మేనేజర్ మాట వినాలి, బ్రాండ్ ఏరియా మేనేజర్‌కు టార్గెట్ చూపించాలి, సెలవు మాత్రం మూడో సంస్థను అడగాలి. రోజూ రాత్రి ఎన్ని అమ్మాడో, ఏ మోడల్, ఏ సీరియల్ నంబరో యాప్‌లో ఎక్కించాలి. శని, ఆదివారాలు, పండగలు అతనికి పని దినాలు. కాలేజీలు తెరిచే జూన్ నుంచి దీపావళి దాకా ఊపిరి సలపదు.

జీతంలో కొంత భాగం ఇన్సెంటివ్. ఆ ఇన్సెంటివ్ అన్ని మోడళ్ల మీదా ఒకేలా ఉండదు. వదిలించుకోవాల్సిన పాత మోడల్ మీద ఎక్కువ. అదనపు వారంటీ, యాంటీవైరస్, బ్యాగు, మౌసు కలిపి అమ్మితే ఇంకొంచెం. ధర రక్షణ గడువు దాటిన సరుకు గురించి ముందు చెప్పాను కదా. దుకాణానికి గుదిబండ అయిన ఆ సరుకు మీద కుర్రాడికి పెద్ద మొత్తం ప్రకటించిన రోజున, యానాం నుంచి వచ్చిన ఆ తండ్రి “ఏది మంచిది బాబూ?” అని అతణ్ణే అడుగుతాడు. సలహా ఇచ్చే నోరు, కమీషన్ తీసుకునే చేయి ఒకే మనిషివి. ఈ రంగంలోని అసలు సమస్య ఇదే. కుర్రాడి నిజాయితీని వేలెత్తి చూపి తప్పించుకుంటే సరిపోదు. అద్దె, తమ్ముడి ఫీజు, బండి వాయిదా ఉన్న మనిషిని అలాంటి చోట నిలబెట్టింది ఆ పద్ధతిని తయారుచేసినవాళ్లు.

అయినా నిజం చెప్పే ప్రమోటర్లు ఉన్నారు. నేను చూశాను. “అంకుల్, మీ పనికి ఇంత ఖరీదుది అక్కర్లేదు. ఆ డబ్బుతో ఎనిమిది జీబీ ర్యామ్ ఇంకోటి వేయించుకోండి” అని తమిళంలో ఒకరికి, తెలుగులో ఒకరికి చెప్పి పంపేవాళ్లు. వాళ్ల నెల ఇన్సెంటివ్ కొంత తగ్గి ఉండొచ్చు. కానీ మరుసటి ఏడాది అదే కుటుంబం రెండో పిల్లకు కొనడానికి వాళ్లను పేరు పెట్టి అడుగుతూ వస్తుంది. దుకాణానికి ఇంతకంటే విలువైన ప్రకటన ఏదీ లేదు. ఈ లాభం మాత్రం ఏ త్రైమాసికం రిపోర్టులోనూ కనిపించదు, అందుకే దానికి బహుమతీ ఉండదు.

ఇంకా దుకాణం ఎందుకు

ఆన్‌లైన్‌లో అన్నీ దొరుకుతుంటే ఇంత శ్రమ ఎందుకని అడగొచ్చు. ధర విషయంలో దుకాణం ప్రతిసారీ గెలవలేదు. ఒకే సిరీస్‌లో ఆన్‌లైన్‌కు ఒక మోడల్ నంబరు, షోరూముకు ఇంకో నంబరు ఇచ్చి, ధరలు నేరుగా పోల్చుకోవడం కష్టమయ్యేలా బ్రాండ్లు చేస్తుంటాయి. ర్యామ్, స్క్రీన్, వారంటీ కాలం వరస పెట్టి రాసుకుంటే తప్ప ఏది చవకో తేలదు.

దుకాణం గెలిచేది వేరేచోట. కీబోర్డు మీద చేయి పెట్టి చూడొచ్చు. స్క్రీన్ రంగులు కళ్లతో చూడొచ్చు. పెట్టె తెరిచినప్పుడే లోపం బయటపడితే ఎదురుగా మనిషి ఉంటాడు. సర్వీస్ సెంటర్‌కు ఏం చెప్పాలో, సీరియల్ నంబరుతో వారంటీ తేదీ ఎలా సరిచూసుకోవాలో నేర్పుతాడు. పెట్టె మీద ఏం ఉండాలో కూడా చూపిస్తాడు. తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన నెల, అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ ధర, ఫిర్యాదుకు ఫోన్ నంబరు తప్పనిసరి. ఆ గరిష్ఠ ధర దాటి ఎవరూ అమ్మకూడదు. బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తు యంత్రం మీదో ఛార్జర్ మీదో ఉండాలి. నాసిరకం ఛార్జర్ వల్ల వచ్చే ప్రమాదం తెలిసినవాళ్లకు ఆ గుర్తు విలువ తెలుస్తుంది.

వార్తలను అర్థం చేసి చెప్పేదీ ఈ మనిషే. 2023 ఆగస్టు 3న లాప్‌టాప్‌లు, ట్యాబ్లెట్ల దిగుమతికి లైసెన్సు ఉండాలని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. వెంటనే వాయిదా వేసి, నవంబరు నుంచి ముందస్తు అనుమతి పద్ధతిగా మార్చింది. అదే ఏడాది దేశీయ తయారీకి 17,000 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం ప్రకటించింది. ఇప్పుడు కొనాలా, ఆగాలా? ఆ ప్రశ్న ముందు వచ్చి పడేది కౌంటర్ మీదే. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎగబాకినప్పుడూ అంతే. ఏఐ సర్వర్ల కోసం డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను పెద్ద ఎత్తున కొనడం అందుకు ప్రధాన కారణం. ఆ డిసెంబరులో మైక్రాన్ మామూలు కొనుగోలుదారుల కోసం నడిపిన క్రూషియల్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఏఐ సర్వర్లు తయారుచేస్తామన్న ఊళ్లోనే, ఆ సర్వర్ల వల్ల ఇంటి కంప్యూటర్ ర్యామ్ ఎందుకు ప్రియమైందో ఒక సేల్స్ అమ్మాయి వివరించాల్సి వచ్చింది. ఆ వివరణ ఇవ్వడానికి చదువు కావాలి.

మారాల్సినవి

కంపెనీలు ముందు ఇన్సెంటివ్ పద్ధతిని సరిదిద్దాలి. జీతంలో స్థిర భాగం పెంచి, ఇన్సెంటివ్‌లో కొంత భాగాన్ని ఫిర్యాదు రాని అమ్మకాలకు, తిరిగి వచ్చిన కొనుగోలుదారులకు ముడిపెట్టాలి. ఇది దానధర్మం కాదు. వెనక్కి వచ్చిన ప్రతి యంత్రం బ్రాండ్‌కు నష్టమే. శిక్షణ అంటే కొత్త మోడల్ స్లయిడ్లు చూపించి ఫొటో దిగడం కాకూడదు. మూడో అంకె ఏం చెబుతుందో, వాట్లంటే ఏమిటో, వాయిదా లెక్క ఎలా వేయాలో నేర్పాలి. ఏ మోడల్ ఎవరికి తగదో చెప్పే హక్కు ప్రమోటర్‌కు రాతపూర్వకంగా ఇవ్వాలి.

ఈ ఉద్యోగంలోకి వచ్చే యువతకు నా మాట ఇది. పుదుచ్చేరిలోనైనా, సికింద్రాబాదులోనైనా, కాకినాడలోనైనా ఈ పనిని తాత్కాలికంగా చూడకండి. యంత్రం, పన్ను, అప్పు, మనిషి అవసరం, ఈ నాలుగూ ఒకేచోట నేర్పే పనులు తక్కువ. బాగా నేర్చుకున్నవాళ్లు ఏరియా మేనేజర్లు కావచ్చు, డిస్ట్రిబ్యూటర్ దగ్గర కొనుగోళ్లు చూడొచ్చు, సొంత దుకాణమూ పెట్టుకోవచ్చు. చేరేముందు జీతం ఎవరిస్తారో, పీఎఫ్ ఎవరు కడతారో, ఇన్సెంటివ్ ఏ తేదీకి వస్తుందో కాగితం మీద రాయించుకోండి.

కొనేవాళ్లు కౌంటర్ దగ్గర మూడు ప్రశ్నలు అడగండి. మా పనికి ఇది ఎందుకు సరిపోతుంది? దీనికంటే తక్కువ ధరలో ఏది సరిపోతుంది? ఈ మోడల్ మార్కెట్లోకి ఎప్పుడొచ్చింది? మంచి సేల్స్ మనిషి ఈ ప్రశ్నలకు సంతోషిస్తాడు. తడబడినా కసురుకోకండి, తెలుసుకుని చెప్పమనండి. కొనేవాళ్లు ఇలా అడగడం మొదలుపెడితే, జవాబు చెప్పగలిగేవాళ్లను పెట్టుకోవడం కంపెనీలకు తప్పనిసరి అవుతుంది. మార్పు ఉత్తర్వుతోనే రావాలని లేదు. తెలిసి అడిగేవాళ్లు, తెలిసి చెప్పేవాళ్లు ఎదురుపడినప్పుడల్లా కొంచెం కొంచెంగా వస్తుంది.